శకునం అంటే మొదట పక్షి



పెళ్లి ప్రయాణాలు మొదలైన ఈ నెలలో ఒకే మాట మన ఇళ్లలో నాలుగైదుసార్లు మా చెవిన పడింది: "శకునం బాగుంది, బయలుదేరండి." అప్పుడే ప్రార్థన ముగించి ఆమేన్ అన్న నోటితోనే! కోప్పడాలనిపించలేదు. ఆ మాట ఎక్కడిదో అందరం కలిసి చూస్తే మంచిదనిపించింది.

సంస్కృతంలో శకునం అంటే మొదట పక్షి. అడవిలో వదిలేసిన పసిబిడ్డను పక్షులు కాపాడాయి గనుక ఆమెకు శకుంతల అనే పేరు వచ్చిందని మహాభారతం చెబుతుంది. శకుని పేరుకూ పక్షి అనే అర్థం. పక్షి ఏ వైపు ఎగిరింది, ఎలా కూసింది అని చూసి పని మొదలుపెట్టే అలవాటు వల్ల పక్షి పేరే సూచనకు పేరైంది. దసరానాడు పాలపిట్టను చూడాలని ఊరి బయటికి వెళ్లేవారి దగ్గర ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. తరువాత ఆ మాట పిల్లి మీద, బల్లి మీద, తుమ్ము మీద వాలింది.

యూదుల చరిత్ర రాసిన జోసీఫస్, హెకతయు పేరున్న గ్రంథం నుండి ఒక సంగతి ఎత్తి రాశాడు. ఎర్రసముద్రం వైపు సైన్యం నడుస్తూ ఉంటే ఒక సోదెగాడు అందరినీ ఆపేశాడట. ఎదురుగా ఉన్న పక్షి కదలకుంటే అందరూ ఆగాలి, ముందుకు ఎగిరితే సాగాలి, వెనక్కి ఎగిరితే తిరిగిపోవాలి. దళంలో మెషుల్లాము అనే యూదుడు మంచి విలుకాడు. మారు మాట్లాడకుండా బాణం వేసి పక్షిని పడగొట్టాడు. అందరూ తిడుతుంటే, తన చావే తెలియని పక్షి మన దారి ఎలా చెబుతుందని అడిగాడట. పక్షి మీద మాకు జాలే, అయినా ఈ కథ చదివిన ప్రతిసారీ నవ్వు వస్తుంది.

లేవీయకాండము 19:26లో మన తెలుగు బైబిలు శకునాలు అన్నచోట హెబ్రీ మూలంలో పక్షి లేదు. పాము అనే మాటకున్న అక్షరాలే ఆ క్రియకూ ఉన్నాయి. అనువదించినవారు మన ఊళ్లలో నలిగిన మాటనే వాడారు, అది సరిగ్గా మన గడపలోనే తగిలింది. యెహెజ్కేలు 21:21లో బబులోను రాజు దారులు చీలేచోట నిలబడి బాణాలు ఆడిస్తాడు, బలిపశువు కాలేయం చూస్తాడు. మరి యోసేపు గిన్నె సంగతి ఏమిటని యౌవనస్థుల కూడికలో ప్రతిసారీ అడుగుతారు. ఆదికాండము 44లో అతడు అన్నలు గుర్తుపట్టకుండా ఐగుప్తు అధికారిలా మాట్లాడుతున్నాడు. ఆ గిన్నెతో శకునం చూసినట్టు మాత్రం ఎక్కడా లేదు.

పిల్లితో, బల్లితో ఆగితే ఇంత రాయాల్సిన పని లేదు. ఆ మాట భర్త పోయిన స్త్రీ మీద కూడా వాలింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఇన్నేళ్ల తరువాత, మొన్న మన సంఘంలోని ఒక పెళ్లి ఇంట్లో, పిల్లలకు ఏళ్ల తరబడి వాక్యం నేర్పిన ఒక అక్క వంటింటి తలుపు వెనక నిలబడి ఉంది. పెళ్లికొడుకు ఆమెకు సొంత మేనల్లుడే. ముందుకు రామ్మా అన్నాం. "వద్దు అయ్యగారూ, రేపు వాళ్లకు ఏం జరిగినా నా మీదికే వస్తుంది" అంది.

మాకు జవాబు రాలేదు. ఇంటికి వచ్చాక లూకా 2 తీశాం. శిశువైన యేసును దేవాలయానికి తెచ్చిన ఆ గడియలో ఎదురు వచ్చినవారిలో అన్న ఉంది. ఆమె విధవరాలు.

వచ్చే బుధవారం మరో పెళ్లి బృందం మన వీధి నుండి బయలుదేరుతుంది. వాకిట్లో ఎదురు నిలబడి ప్రార్థన చేసేది ఆ అక్కే. పెళ్లికొడుకు తల్లి ఒప్పుకుంది. ఇంటి పెద్దల్లో ఇద్దరు ఇంకా మాతో మాట్లాడడం లేదు.