విద్యాసలహా: ప్రథమవర్ష విద్యార్థులు

విశ్వవిద్యాలయమున నూతనముగా ప్రవేశించిన విద్యార్థికి పాఠ్యవిషయముల ఎన్నికయందును, అధ్యయనపద్ధతియందును, వసతి, ఉపకారవేతనాది వ్యవహారములయందును ఒక అధ్యాపకుడు నియతముగా దారి చూపు ఏర్పాటునకు విద్యాసలహా యని పేరు. గురువు శిష్యుని యోగక్షేమముల నరయుట మన దేశమున ప్రాచీనమే యైనను, విశ్వవిద్యాలయము దానిని తన విధులలో నొకటిగా నంగీకరించుట పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికాలో నారంభమయ్యెను. ఐచ్ఛిక పాఠ్యములు పెరుగగా ఏది చదువవలయునో తెలియని విద్యార్థులకొఱకు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము అధ్యాపక సలహాదారులను నియమించెను. 1889లో హార్వర్డు ప్రథమవర్ష విద్యార్థులకే ప్రత్యేకముగ నొక సలహామండలి నేర్పఱచెను.

మన చిత్తూరు సీమలో 1915లో మదనపల్లెయందు వెలసిన బిసెంటు దివ్యజ్ఞాన కళాశాల ఉన్నతవిద్యకు ద్వారము తెఱచెను. విద్యార్థులు కొలదిమందియై, అధ్యాపకుడు ప్రతివానిని పేరుపెట్టి పిలువగలిగిన ఆనాటి కళాశాలలలో సలహాదారుడను వేఱొక పదవి యక్కఱ లేదు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయమును ఏర్పడి, చదువు పల్లెలకు చేరువై తరగతులు నిండినకొలది ఆ పరిచయము పలుచబడెను. కొఠారీ సంఘము (1964-66) విద్యార్థులకు మార్గదర్శనము విద్యలో అంతర్భాగమని పలికినను ఆచరణ మందముగానే సాగెను. ర్యాగింగు నివారణకై విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో చేసిన నిబంధనలు, క్రొత్తగా వచ్చిన వారిని చిన్న బృందములుగా విభజించి యొక్కొక్క బృందము నొక్కొక్క అధ్యాపకున కప్పగింపవలెనని శాసించెను. 2019లో వచ్చిన 'దీక్షారంభ్' మార్గదర్శిని ఈ భావమునే విస్తరించెను.

కుప్పము పొరుగుననున్న రామకుప్పము మండలపు పల్లెలనుండి వచ్చు విద్యార్థి స్థితి ఇచట ముఖ్యముగ విచారణీయము. తమిళ, కన్నడ సీమల పొలిమేరనున్న ఈ ప్రాంతమున ఇంట తమిళమో, కన్నడమో, ఉర్దువో పలుకుచు, బడిలో తెలుగున చదివి, కళాశాలలో ఆంగ్లమున పాఠము వినవలసివచ్చిన బాలుడు గాని బాలిక గాని తలవంచుకొని కూర్చుండుట మందబుద్ధిచేత గాదు. సందేహమును ఏ భాషలో నడుగవలెనో తోచకపోవుటచేత. అందును డిగ్రీ పట్టా మొగమెఱుగని ఇంటినుండి వచ్చినవారికి హాజరు, సెమిస్టరు, బ్యాక్‌లాగు మున్నగు మాటలే యొక క్రొత్తలోకము. పరీక్ష తప్పిన పిదప పిలిచి మందలించుట సలహా కానేరదు, తప్పకమున్నే పలుకరింపవలెను.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 2021-22 నుండి డిగ్రీ బోధన ఆంగ్లమాధ్యమమున కావలెనని నిర్ణయించుటచే ఈ అవసరము తీవ్రతరమయ్యెను. 2023-24లో సింగిల్ మేజర్ విధానము ప్రవేశించుటతో, ఇదివఱకు మూడు విషయములమీద సాగిన చదువు ఒక ప్రధానవిషయముచుట్టు బిగిసినది. ఆ ఎన్నికలోని లాభనష్టములను విద్యార్థికే గాక తల్లిదండ్రులకును వారి ఇంటిభాషలో వివరింపగల అధ్యాపకులు తెలుగు, తమిళ, కన్నడ శాఖలుగల కుప్పము ద్రావిడ విశ్వవిద్యాలయమున దుర్లభులు కారు. వారికి ఈ పనిని బోధనతో సమానమైన విధిగా, వేళ కేటాయించి యప్పగించుట మిగిలియున్నది.