పరీక్ష తర్వాతి మాటకు తాళం వేసిందెవరు?

పరీక్ష హాలు నుంచి బయటికి రాగానే విద్యార్థులు గుమిగూడి "ఆ బిట్‌కు నువ్వేం పెట్టావు?" అని ఒకరినొకరు అడగడం అన్నిచోట్లా కనిపించేదే. అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ సైకాలజీ పరీక్ష విషయంలో మాత్రం ఆ మాట నిబంధనలకు విరుద్ధం. 1992లో మొదలైన ఈ పరీక్షలోని రాత ప్రశ్నలను కాలేజ్ బోర్డు తర్వాత బయటపెడుతుంది కాబట్టి వాటి గురించి మాట్లాడుకోవచ్చు. బిట్ల సంగతి ఎత్తితే మార్కులు రద్దయ్యే ప్రమాదం ఉంది. ఈ నిషేధం పరీక్షలతోపాటు పుట్టింది కాదు. నిర్వాహకుల సౌకర్యం కోసం తర్వాత వచ్చి చేరింది. దానివల్ల పరీక్షకు దక్కిన మేలు కన్నా చదువుకు జరిగిన నష్టమే ఎక్కువ.

కాలేజ్ బోర్డు 1901లో మొదటి ప్రవేశ పరీక్షలు పెట్టినప్పుడు అవన్నీ వ్యాసరూపంలో ఉండేవి. ఏటా కొత్త ప్రశ్నలే రావడంతో పాత పేపర్లను దాచవలసిన పని లేకపోయింది; వాటిని పుస్తకాలుగానే అచ్చువేసేవారు. 1926లో బిట్లతో కూడిన శాట్ అనే ప్రవేశ పరీక్ష వచ్చింది. దాన్ని రూపొందించిన కార్ల్ బ్రిగమ్ మనస్తత్వ శాస్త్రవేత్త. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు పెట్టిన తెలివితేటల పరీక్షలు దానికి మూలం. మంచి బిట్ తయారుచేయడం ఖర్చుతో కూడిన పని. పైగా ఈ ఏటి మార్కులను నిరుటి మార్కులతో సరిపోల్చాలంటే కొన్ని ప్రశ్నలను మళ్లీ వాడాలి. అలా ప్రశ్న సంస్థ ఆస్తిగా మారింది, దాన్ని గుర్తుపెట్టుకున్న విద్యార్థి అనుమానితుడయ్యాడు. అయినా మాట ఆగలేదు. బ్రూక్లిన్‌లో 1940లలో శాట్ కోచింగ్ మొదలుపెట్టిన స్టాన్లీ కప్లాన్, పరీక్ష ముగిశాక తన విద్యార్థులకు విందు ఇచ్చి, గుర్తున్న ప్రశ్నలు చెప్పించుకునేవాడు. అంటే గోప్యత వల్ల ప్రశ్నలు రహస్యంగా ఉండిపోలేదు. కోచింగ్ ఫీజు కట్టగలిగిన వాళ్లకు మాత్రమే అందాయి.

ఈ గోప్యతకు సైకాలజీ పరిశోధనలే ఎదురు సాక్ష్యం చెబుతాయి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ బోధించిన సిడ్నీ ప్రెస్సీ 1920లలోనే, జవాబు తప్పో ఒప్పో విద్యార్థికి అక్కడికక్కడే తెలిపే యంత్రాన్ని తయారుచేశాడు. చదివిందాన్ని మళ్లీ చదవడం కన్నా పరీక్ష రాయడం వల్లే అది ఎక్కువకాలం గుర్తుంటుందని 2006లో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు ప్రయోగాలతో చూపారు. అయితే బిట్ పేపరుతో ఒక చిక్కుంది: తప్పు జవాబును ఎంచుకున్న విద్యార్థి దాన్నే నిజమనుకుని గుర్తుపెట్టుకోవచ్చు. సరైన జవాబు చెబితే ఆ హాని తగ్గుతుందని బట్లర్, రోడిగర్ 2008లో నిరూపించారు. అంటే జవాబులు సరిచూసుకోవడం చదువులో చివరి మెట్టు. సైకాలజీ విద్యార్థికే ఆ మెట్టు అందకుండా చేయడం ఆ శాస్త్రాన్నే పక్కనపెట్టడం.

వేర్వేరు వేళల్లో పరీక్ష రాసేవాళ్లుంటే ముందు రాసినవారి మాట వెనక రాసేవారికి అన్యాయంగా ఉపయోగపడదా అన్నది బలమైన అభ్యంతరమే. కానీ అందరూ రాసేదాకా ఆగమనడానికీ ఎన్నటికీ మాట్లాడవద్దనడానికీ చాలా తేడా ఉంది. ప్రశ్నలు బయటపెడితే ప్రమాణం దెబ్బతింటుందన్నది మరో వాదన. దానికి చరిత్రే జవాబిచ్చింది. న్యూయార్క్ రాష్ట్రం 1979లో ప్రశ్నలు, జవాబులు విద్యార్థులకు ఇవ్వాలని చట్టం చేసింది. ఆ తర్వాత, 1980లో జరిగిన పీశాట్‌లో (శాట్‌కు సన్నాహక పరీక్ష) రెండు పిరమిడ్లను అతికిస్తే వచ్చే ఆకృతికి ఎన్ని ముఖాలన్న ప్రశ్నకు కీలో ఇచ్చిన 7 తప్పు, 5 సరైనదని ఒక ఫ్లోరిడా విద్యార్థి చూపాడు. రెండు లక్షలకు పైగా విద్యార్థుల మార్కులు పెరిగాయి. పేపరు దాచి ఉంటే ఆ తప్పు నిలిచిపోయేది. ఇక పరీక్ష తర్వాతి ముచ్చట్లు పిల్లల్లో భయం పెంచుతాయన్నదీ కొంత నిజమే. జ్ఞాపకం ఉన్నదున్నట్టు నిలవదని, మనమే దాన్ని మళ్లీ అల్లుకుంటామని మనస్తత్వ శాస్త్రవేత్త బార్ట్‌లెట్ 1932లోనే చెప్పాడు. ఆ భయాన్ని పోగొట్టేది అధికారిక కీ. మౌనం వల్ల అది పోదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్) వంటి పరీక్షలకు ముందుగా ప్రాథమిక కీ విడుదల చేసి, అభ్యంతరాలు స్వీకరించాకే తుది కీ ఇస్తారు. పరీక్షలు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పేపర్లతో జరిగినా ఆ పని ఆగడం లేదు. సైకాలజీ పరీక్ష పెట్టేవాళ్లు కూడా అందరూ రాయడం పూర్తికాగానే ప్రశ్నలు, కీ బయటపెట్టాలి. పరీక్ష రాసిన విద్యార్థికి తన తప్పేమిటో తెలుసుకునే హక్కు ఉంది.