ఒక నవల, ఆరు చిత్రాలు: కోయంబత్తూరులో కాపీరైటు

మదురై నాయకరాజు విజయరంగ చొక్కనాథుని కాలంలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు తెలుగు వచనం రాసినప్పుడు, కృతి ఎవరికి అంకితమన్న విచారమే తప్ప దాని ప్రతులు తీసే అధికారం ఎవరిదన్న విచారం లేదు. తమిళదేశపు తెలుగువారికి ఈ రెండో ప్రశ్న వ్యాపార విషయంగా ఎదురైనది కోయంబత్తూరులో. విజయనగర కాలం నుంచి కొంగునాట స్థిరపడిన నాయుడు కుటుంబాలు అక్కడ నూలుమిల్లులతోపాటు సినిమా రంగంలోనూ అడుగుపెట్టాయి. 1945లో పక్షిరాజా స్టూడియోను నెలకొల్పిన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు ఒకే కథను భాష మార్చి మళ్ళీ మళ్ళీ తీయడాన్ని పద్ధతిగా మార్చారు.

నామక్కల్ కవి రామలింగం పిళ్ళై నవల ఆధారంగా ఆయన 1954లో తమిళ ‘మలైక్కళ్ళన్’ తీసి, అదే ఏడు ఎన్.టి. రామారావు, భానుమతులతో తెలుగు ‘అగ్గిరాముడు’, 1955లో హిందీ ‘ఆజాద్’, 1957లో మలయాళ ‘తస్కరవీరన్’, కన్నడ ‘బెట్టద కళ్ళ’, సింహళ ‘సూరసేన’ వెలువరించారు. ఈ తేదీలు న్యాయవాదికి ముఖ్యం, ఎందుకంటే 1957 కాపీరైటు చట్టం అమల్లోకి వచ్చినది 1958 జనవరి 21న. అంటే ఆరు చిత్రాలూ పాత చట్టం కిందనే పుట్టాయి.

ఆ పాత చట్టం, అంటే బ్రిటన్ 1911 చట్టాన్ని మార్పులతో ఇక్కడికి తెచ్చిన 1914 చట్టం, భాషల విషయంలో విచిత్రంగా వ్యవహరించింది. దేశంలో తొలిసారి ప్రచురితమైన రచనకు అనువాద హక్కు పదేళ్ళే. ఆలోగా రచయిత గానీ ఆయన అనుమతి పొందినవారు గానీ ఏ భాషలో అనువాదం ప్రచురిస్తే ఆ భాషలో మాత్రమే హక్కు కొనసాగేది. అయితే రచనను చలనచిత్రంగా మలిచే హక్కు ఈ పదేళ్ళ గడువుకు లోబడదు. అందువల్ల నవలను తెలుగులోకి అనువదించి అచ్చువేయడానికి అనుమతి అక్కర్లేని కాలంలోనూ, దాన్ని తెలుగు చిత్రంగా తీయడానికి రచయిత సంతకం తప్పనిసరి కావచ్చు. అనువాదానికి అడ్డు లేకపోతే సినిమాకూ లేదని భావించేవారు ఇక్కడే పొరబడతారు.

చిత్రం స్థితి ఇంకా చిక్కు. సినిమాను ప్రత్యేక వర్గంగా గుర్తించినది 1957 చట్టపు 13వ సెక్షన్. అంతకుముందు, దృశ్యాల కూర్పులోనో నటనలోనో మౌలికత ఉంటే దాన్ని నాటకకృతిగా, లేకుంటే ఫోటోల వరుసగా పరిగణించేవారు. 79వ సెక్షన్ ప్రకారం, కొత్త చట్టం వచ్చేనాటికి హక్కు లేని కృతికి అది కొత్తగా హక్కు కల్పించదు కనుక, ఇలాంటి చిత్రాల హక్కులు కొనేవారు ముందుగా చూడవలసినది ఆనాటికి హక్కు ఉందా అన్నది, ఆ తర్వాత ఒప్పందం తేదీని.

చిత్రంలో ప్రదర్శన ఇచ్చినవారి హక్కు మరో ప్రశ్న. ‘అగ్గిరాముడు’లో షేక్ నాజర్ బుర్రకథ ఉంది, కానీ తెలుగు ప్రేక్షకుల కోసం చేర్చిన ఆ ప్రదర్శనకు 1954లో ప్రదర్శకుని హక్కు అనేది చట్టంలోనే లేదు, అది 1994 సవరణతో వచ్చింది.