హస్తవాసి నుంచి బోర్డు దాకా

కాలు విరిగినా, పక్షవాతం వచ్చినా ప్రాణం దక్కడంతో పని తీరదు. మనిషిని మళ్లీ లేపి నడిపించాలి. ఆ పని బాగా చేసే చోటు ఏదో మన వైపు వారు ఎలా తెలుసుకుంటూ వచ్చారో పెన్షనరు మిత్రుల కోసం క్లుప్తంగా వ్రాస్తున్నాను.

మా చిన్నతనంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలలో ఎముక విరిగిందంటే పుత్తూరు కట్టు మాట వచ్చేది. వెదురు బద్దలు, ఆకు పసరుతో వేసే ఆ కట్టుకు ధ్రువపత్రాలు ఉండేవి కావు. "ఫలానా ఆయన కట్టు విప్పి నడిచాడు" అన్నదే సాక్ష్యం. లండన్ మిషన్ డాక్టర్ క్యాంబెల్ పేరుతో ఉన్న జమ్మలమడుగు ఆసుపత్రి కీర్తి కూడా రోగుల నోటనే ఊరూరా పాకింది. దీనినే మనవారు హస్తవాసి అన్నారు. ఇందులో ఒక లోపం ఉంది. నడిచినవాడు బజారులో కనబడతాడు. నడవలేనివాడు ఇంట్లోనే ఉండిపోతాడు, వాని మాట ఎవరికీ వినబడదు.

తరువాత వేలూరు పేరు వచ్చింది. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చునే రోగులకు వైద్యం చేశారు. ఆమె కృషితో అక్కడ 1966లో పునరావాస సంస్థ ఏర్పడింది. అక్కడి రోగికి వైద్యురాలే కంటి ముందరి సాక్ష్యం. 1980 దశకంలో తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి వెలసింది.

ఆపైన కాగితాల కాలం వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషనుకు 2002లో రాష్ట్ర చట్టం, 2007లో ఆరోగ్యశ్రీ, 2013లో ఉద్యోగులకు, పెన్షనర్లకు హెల్త్ కార్డులు వచ్చాయి. ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపు బోర్డులు వెలిశాయి. ఇవన్నీ అవసరమైనవే. అయితే జాబితాలో పేరుంటే వైద్యం బాగుంటుందని చాలామంది అనుకుంటారు. రిజిస్ట్రేషన్ నెంబరంటే దరఖాస్తు, ఫీజు, నిబంధనలు సరిపోయాయని అర్థం. రోగి నడిచాడని కాదు. జీవితమంతా ఫైళ్లు కదిపిన మనకు ఈ తేడా వేరే చెప్పాలా?

పులివెందులలో నాతో పనిచేసిన ఒక మిత్రునికి పక్షవాతం వచ్చింది. ఒకరు ఒక ఊరి మందు మంచిదన్నారు, మరొకరు మరో ఊరి పేరు చెప్పారు. ఇంటివారు నెల రోజులు తిరిగారు. వ్యాయామం ఎక్కువ గుణమిచ్చేది మొదటి నెలలలోనే. ఆ కాలం ప్రయాణాలకే సరిపోయింది.

కనుక ఎక్కడికి వెళ్లినా నాలుగు ప్రశ్నలు అడగండి. ఇటువంటి రోగులను నెలకు ఎందరిని చూస్తారు? వారిలో ఎందరు తమంతట తాము నడుస్తున్నారు? వ్యాయామం చేయించేది చదువుకున్న ఫిజియోథెరపిస్టేనా, రోజుకు ఎంతసేపు? ఇంటికి పంపేటప్పుడు ఇంటివారికి నేర్పుతారా? అడిగినందుకు విసుక్కోని చోటును ముందు చూడండి. పొరుగువారి మాట వినండి, బోర్డు చదవండి. ఈ ప్రశ్నలకు జవాబు రాబట్టకుండా మాత్రం డబ్బు కట్టకండి.