ఎముకల మందులు, గుండె: రెండు హెచ్చరికల చరిత్ర

ఎముకలు గుల్లబారకుండా వేయించుకునే సూదిమందు గుండెకు చేటు చేస్తుందా అన్న సందేహం మీలో కొందరికైనా కలిగి ఉంటుంది. ఈ సందేహానికి ఒక చరిత్ర ఉంది. అది రెండుసార్లు తలెత్తింది. రెండుసార్లూ ఒకే విధంగా ముగియలేదు.

మొదటిది 2007 నాటి మాట. ఏడాదికి ఒకసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రానిక్ ఆమ్లాన్ని ఏడువేల ఏడువందల మందికి పైగా వృద్ధ స్త్రీలలో మూడేళ్లు పరీక్షించారు. తుంటి ఎముక విరగడం 41 శాతం తగ్గింది. కాని గుండె పైగదులు లయతప్పి కంపించే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, తీవ్రరూపంలో, మందు పొందినవారిలో 50 మందికి, ప్లాసిబో పొందినవారిలో 20 మందికి వచ్చింది. అదే ఏడాది, తుంటి విరిగి శస్త్రచికిత్స జరిగిన 2,127 మందిపై వెలువడిన మరో అధ్యయనంలో ఆ తేడా కానరాలేదు. పైగా మరణాలే తగ్గాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ తరగతి మందుల అధ్యయనాలను మళ్లీ పరిశీలించి, స్పష్టమైన సంబంధమేదీ లేదని 2008 నవంబరులో ప్రకటించింది. కనుక ఆ పాత వార్త చదివి ఈ మందు మానుకోనక్కరలేదు.

రెండవదానికి మూలం దక్షిణాఫ్రికాలో ఉంది. అక్కడి ఆఫ్రికానర్ కుటుంబాలలో కొందరికి ఎముకలు అతిగా దట్టమయ్యే అరుదైన జన్యువ్యాధి ఉంది. పుర్రె ఎముక పెరిగి నరాలను నొక్కడం వల్ల చెవుడు, ముఖ పక్షవాతం వస్తాయి. అయినా వారి ఎముకలు విరగడం బహు అరుదు. ఎముక పెరుగుదలకు కళ్లెం వేసే స్క్లిరోస్టిన్ అనే మాంసకృత్తు వారిలో తయారుకాదని 2001లో తేలింది. ఆ కళ్లేన్ని మందుతో సడలించే ప్రయత్నమే రోమోసోజుమాబ్.

ఎముకల విషయంలో అది గొప్పగా పనిచేసింది. కాని 2017లో వెలువడిన ఆర్చ్ అధ్యయనంలో, మొదటి ఏడాది తీవ్రమైన గుండె, రక్తనాళ సమస్యలు ఈ మందు పొందిన 2,040 మందిలో 50 మందికి, పాత మందు అలెండ్రోనేట్ వాడిన 2,014 మందిలో 38 మందికి వచ్చాయి. అంతకుముందు 7,180 మందిలో ప్లాసిబోతో పోల్చినప్పుడు ఇటువంటి తేడా లేదు. అందుచేత కొత్త మందు కీడు చేయలేదు, పాత మందే గుండెను కాపాడిందని కొందరు వాదించారు. అలెండ్రోనేట్‌కు అంతటి శక్తి ఉన్నట్లు గట్టి ఆధారం లేదు కనుక, నాకు ఆ వాదన అంతగా రుచించదు. స్క్లిరోస్టిన్ రక్తనాళాల గోడల్లోనూ ఉంటుందన్న సంగతిని మరువరాదు.

అమెరికా 2019 ఏప్రిల్‌లో ఈ మందును అనుమతించింది. గడచిన ఏడాదిలో గుండెపోటు గాని, మెదడుపోటు గాని వచ్చినవారికి ఇవ్వరాదని పెట్టె కట్టి మరీ హెచ్చరించింది. ఐరోపా నిపుణుల సంఘం ఆ జూన్‌లో మొదట కాదని, అక్టోబరులో సరేనంది. అయితే అవి జీవితంలో ఎన్నడు వచ్చినా ఇవ్వరాదని షరతు పెట్టింది. అంటే, అయిదేళ్ల క్రితం గుండెపోటు వచ్చిన స్త్రీకి అమెరికాలో వైద్యుడు మంచిచెడ్డలు తూచి ఈ సూది వేయవచ్చు, ఐరోపాలో వేయకూడదు. మీకు ఈ మందు సూచిస్తే, ఎముకల వైద్యుడు అడగకపోయినా, పాత గుండెపోటు సంగతి ఏ సంవత్సరంలో వచ్చిందో సహా మీరే చెప్పండి.