ముసరరోగము — సూదిమందు

నల్లరేగడిలో గుంటక తోలినవారికి ఎద్దు విలువ నేను చెప్పనక్కరలేదు. అట్టి యెడ్లను మందలు మందలుగా కొనిపోయిన ముసరరోగమును గూర్చియు, దానిని తుదముట్టించిన సూదిమందును గూర్చియు నేడు కొంత విన్నవించెదను.

ముసర సోకిన పశువునకు జ్వరము, కంట నీరు, నోట పుండ్లు, పిమ్మట విరేచనములు. పది పండ్రెండు దినములలో కూలిపోవుచుండెను. నాడు పెద్దలు అమ్మవారికి మ్రొక్కుకొని, రోగపు పశువును ఊరివెలుపల కట్టించుచుండిరి. దీనికి నవ్వువారు కలరు, నేను నవ్వను. వేరుగా కట్టుమని నేటి వైద్యులును చెప్పుదురు. సంతలలో మంచి పశువు ప్రక్క రోగపు పశువు నిలిచియే ముసర ఊళ్ళు దాటినది.

పశురోగముల పరిశోధనకై 1889లో పూనాలో ఒక ప్రయోగశాల వెలసి, 1893లో హిమాలయములందలి ముక్తేశ్వరమునకు తరలినది. రోగమును తట్టుకొన్న పశువు నెత్తుటి తేటయగు సీరమును అచ్చట తయారుచేసిరి. ఆ రక్షణ కొలది దినములదే. అందుచే ఒక ప్రక్క రోగపు నెత్తురును, మరియొక ప్రక్క సీరమును ఎక్కించు పద్ధతి వచ్చెను. రక్షణ దీర్ఘమే కాని, ప్రమాదమును అంతటిదే! సీరము బలము చాలనిచో టీకాయే ముసరయగును. ఆ నెత్తురుతో పిడుదుల జ్వరము వంటి వేరు రోగములును ప్రవేశించును. సూదికి రైతు జంకెనన్న తప్పు రైతుది కాదు.

1920 తరువాత ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు ముక్తేశ్వరమున రోగబీజమును మేకలలో తరతరములుగా పెంచి, దాని తీవ్రత తగ్గించెను. ఈ మేకటీకాను మైదానపు నాటుపశువులు బాగుగ తట్టుకొనెను. కొండపశువులకును, సీమసంకరములకును జ్వరము హెచ్చుటచే జాగ్రత్త వలసివచ్చెను. అది సజీవమైన మందు. ఎండవేడికి చచ్చును. చచ్చిన మందు పొడిచినచో పశువునకు రక్షణ లేదు. రక్షణ కలదని నమ్మి రైతు దానిని సంతకు తోలును. కావుననే మంచుపెట్టె సూదితో సమానముగా ఊరూర తిరుగవలసివచ్చెను.

బళ్ళారి జిల్లాలోని ఆదవాని తాలూకా 1953లో ఆంధ్రరాష్ట్రమున చేరినది. మరుసటియేడు, 1954లో, దేశమంతట ముసర నిర్మూలన కార్యక్రమము మొదలయ్యెను. దేశమున కడపటి ముసర 1995లో కనబడెను. 2006లో భారతదేశము, 2011లో లోకమంతయు ముసర లేనిదని ప్రకటింపబడెను. మశూచి తరువాత ఇట్లు భూమిమీద లేకుండబోయిన రోగము ఇదియొక్కటే.

ఆ 2006లోనే డైక్లోఫినాక్ అను నొప్పిమందును పశువులకు వాడరాదని ప్రభుత్వము నిషేధించినది. ఆ సూది పశువునకు ఉపశమనమే ఇచ్చును. కాని సూది వేసిన కొలదికాలమునకే చచ్చిన పశువును తిన్న రాబందు మూత్రపిండములు చెడి చచ్చును. తెల్లవీపు రాబందులు దేశమున 100కి 99కి పైగా నశించినవి. ఊరిబయట కళేబరములను గంటలలో శుభ్రముచేసిన ఆ పక్షులను మీలో అనేకులు చూచియుందురు. నిషేధించిన పిదపను, మనుష్యులకై చేసిన పెద్దసీసాల మందు పశువులకు వాడుట మానలేదు. అందుచే 2015లో మనుష్యుల సీసాను 3 మిల్లీలీటర్లకు తగ్గించిరి. మెలాక్సికామ్ అను నొప్పిమందు రాబందులకు హాని చేయదు. పశువైద్యుడు నొప్పికి సూది తీసినపుడు ఆ పేరు అడిగి చూడుడు.