ట్రయజీన్ నిరోధకత: కలుపు నుంచి పంటలోకి

ట్రయజీన్ వర్గానికి చెందిన కలుపు మందులను తట్టుకుని బతికే గుణాన్ని ట్రయజీన్ నిరోధకత అంటారు. ఈ గుణం మొదట కలుపు మొక్కల్లో బయటపడింది. తర్వాత ప్రజనన శాస్త్రవేత్తలు దాన్ని సంకరణంతో కనోలా అనే నూనెగింజల పంటలోకి తెచ్చారు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరానికి చెందిన గైగీ సంస్థ 1950లలో సిమజిన్, అట్రజిన్ మందులను రూపొందించింది. మొక్కజొన్న తన ఒంట్లో చేరిన అట్రజిన్‌ను విరిచి నిర్వీర్యం చేసుకోగలదు. చుట్టూ మొలిచిన వెడల్పాకు కలుపుకు ఆ శక్తి లేదు. అందుకే రైతులు ఏటా అదే మందు వాడుతూ వచ్చారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక నర్సరీ దాదాపు పదేళ్లపాటు ఈ మందులనే చల్లగా, 1968 నాటికి గ్రౌండ్‌సెల్ అనే పసుపు పూల కలుపు లొంగకుండా పోయింది. పరిశోధకుడు జి.ఎఫ్. రయాన్ దాని గింజలు మొలకెత్తించి, మామూలు మోతాదుకు ఎన్నో రెట్లు మందు వేసి చూశాడు. మొక్కలు బతికాయి. ఈ మందులు వరుసగా పడని చోటి నుంచి తెచ్చిన గ్రౌండ్‌సెల్ కొద్ది మోతాదుకే చచ్చింది. ఆయన ఈ ఫలితాన్ని 1970లో ప్రచురించాడు. మందు ఏ మొక్కకూ కొత్త గుణం నేర్పలేదు. లక్షల మొక్కల్లో ముందునుంచే ఉన్న ఒకటీ అరా మొక్కను వదిలి, మిగతావాటిని తుడిచిపెట్టిందంతే. రైతుల్లోనే కాదు, మందు అమ్మేవారిలోనూ చాలామంది ఇప్పటికీ పొరబడేది ఇక్కడే.

నిరోధకత వెనుక కారణం 1983లో తేలింది. ఆకులోని హరితరేణువులో డి1 అనే ప్రోటీన్ ఉంటుంది. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లను ముందుకు చేరవేసే అణువు వచ్చి కూర్చునే చోటు అందులో ఉంది. అట్రజిన్ ఆ చోటును ఆక్రమించి దారి మూసేస్తుంది. శాస్త్రవేత్తలు హిర్ష్‌బర్గ్, మెకింటాష్ తోటకూర జాతి కలుపును పరిశీలించి, ఆ ప్రోటీన్‌లో 264వ స్థానంలో సెరీన్‌కు బదులు గ్లైసీన్ ఉందని చూపారు. జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, మందుకు అక్కడ పట్టు దొరకదు.

ఈ జన్యువు ఉండేది కేంద్రకంలో కాదు, హరితరేణువులో. అంటే గుణం పుప్పొడి ద్వారా రాదు, తల్లి మొక్క నుంచే వస్తుంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో సౌజా మచాడో బృందం 1978లో ఆవ జాతి కలుపులో దీన్ని నిరూపించింది. క్విబెక్ మొక్కజొన్న చేలలో అట్రజిన్‌ను తట్టుకున్న కలుపు అది. కనోలాకు దగ్గరి బంధువు కూడా. గ్వెల్ఫ్‌లోని ప్రజనన శాస్త్రవేత్త వాలీ బెవర్స్‌డార్ఫ్, సహచరులు ఆ కలుపును తల్లిగా తీసుకుని దాని పూలపై కనోలా పుప్పొడి వేశారు. పుట్టిన సంతతిని మళ్లీ కనోలా పుప్పొడితోనే సంకరపరిచారు. ఇలా తరతరానికీ కేంద్రకం కనోలాదిగా మారుతూ వచ్చింది, హరితరేణువు మాత్రం కలుపుదే నిలిచింది. 1984లో ఓఏసీ ట్రైటాన్ అనే రకం విడుదలైంది. ప్రయోగశాలలో జన్యువు చొప్పించకుండా, కేవలం సంకరణంతో సాధించిన ఈ పని ప్రజనన శాస్త్రంలో గొప్ప విజయాల్లో ఒకటి.

అయితే ఆ ఒక్క మార్పు కిరణజన్య సంయోగక్రియను కూడా మందగింపజేస్తుంది. దాంతో దిగుబడి 20 శాతం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ తగ్గింది. 1990ల మధ్యలో ఇతర కలుపు మందులను తట్టుకునే కనోలా రకాలు రాగానే కెనడా రైతులు దీన్ని వదిలేశారు. ఆస్ట్రేలియాలో కథ వేరు. అక్కడ అడవి ముల్లంగి కనోలాను బతకనిచ్చేది కాదు. దిగుబడి తగ్గినా పంట చేతికి రావడమే లాభమని రైతులు 1990లలో ఈ గుణమున్న రకాలను పెద్ద ఎత్తున వేశారు. ఆ తర్వాత అడవి ముల్లంగిలోనూ ట్రయజీన్ నిరోధకత తలెత్తింది.

భారతదేశంలో 1990ల ఆరంభంలో హర్యానా గోధుమ చేలలో గుల్లి డండా అనే గడ్డి ఐసోప్రోట్యురాన్ అనే మరో కలుపు మందుకు లొంగడం మానింది. హిస్సార్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆర్.కె. మాలిక్, సహచరులు దాన్ని నమోదు చేశారు. ఆ మందు పనిచేసేది కూడా డి1 ప్రోటీన్ మీదే, కానీ లొంగని ఈ గడ్డి మందును తన ఒంట్లోనే విరిచేసుకుంటుంది.

ప్రపంచంలో 60కి పైగా కలుపు జాతుల్లో అట్రజిన్ నిరోధకత నమోదైంది. తెలుగు రాష్ట్రాల మొక్కజొన్న రైతులు విత్తిన 48 గంటల్లోపు చల్లేది ఈ అట్రజిన్‌నే. హరితరేణువు వల్ల వచ్చే నిరోధకత పుప్పొడితో పక్క చేలకు పాకదు, గింజ రాలితేనే వ్యాపిస్తుంది. కాబట్టి మందు చల్లాక కూడా నిలబడిన తోటకూర జాతి మొక్క కనిపిస్తే, గింజ కట్టకముందే పీకేయాలి.